అవ్వ గొంతుకు సరిపోయే గిటారు

ఈ మధ్య మన బంధువుల్లో చాలామంది ఫోన్ చేసి ఒకటే మాట అడుగుతున్నారు. "భజన పాటలకు ఎలక్ట్రిక్ గిటారు ఏమిటికప్పా? అదీ కడుపు సగం డొల్లగా, సగం గట్టిగా ఉంటుందంట. అదేం రకం?" అని. బెంగళూరులో ఉండే పిల్లలు ఇంకో తీరుగా అడిగారు. "మామా, సెమీ హాలో కొన్నావంట. ఏ మోడల్? ఎంత? అదే ఎందుకు?" ఇద్దరికీ జవాబు ఒకటే కాబట్టి, అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నా చదువంతా కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు హిందూపురం బస్సుల బోర్డులు చూసి, ఆ తర్వాత పెద్దబాలశిక్ష పట్టుకొని నేర్చుకున్నాను. కాబట్టి నా రాత అక్కడక్కడా ఇంట్లో మాట్లాడినట్టే ఉంటుంది, సర్దుకోండి. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒక వస్తువు మంచిదా చెడ్డదా అని మేం ఊరికే అడగం. ఎవరి చేతిలో, ఎక్కడ, ఏ పని చెయ్యాలి అని ముందు రాసుకుంటాం. ఆ పని చేస్తే పాస్, చెయ్యకపోతే ఫెయిల్. గిటారు విషయంలో కూడా అదే చేశాను.

పని ఏమిటంటే

తాత రాసిపెట్టిన పాటల పుస్తకం మీలో చాలామంది చూసే ఉంటారు. ఎర్ర అట్ట, అంగడి లెక్కల పుస్తకం సైజు. లోపల 34 పాటలు. ఎక్కువ భాగం తత్వాలు, కొన్ని మేలుకొలుపులు, రెండు మంగళహారతులు. పాటలన్నీ తెలుగు, అక్షరాలన్నీ కన్నడం. తాతకు బడిలో నేర్పింది ఆ అక్షరాలే. బయటివాళ్లకు ఇది వింతగా తోస్తుంది గానీ మన పావగడ తాలూకాలో ఇదేమీ వింత కాదు. మ్యాపులో చూడండి, మన తాలూకా చుట్టూ దాదాపు అంతా ఆంధ్రనే. ఇంగ్లీషువాళ్ల కాలంలో కూడా ఇది మైసూరు సంస్థానం, చుట్టూ ఉన్నది మద్రాసు ప్రెసిడెన్సీలోని అనంతపురం జిల్లా. ఇంకా వెనక్కి పోతే, నిడుగల్లు కొండమీద కోట కట్టుకొని ఏలిన ఇరుంగోళుల వంశం తమను కరికాల చోళుడి సంతతి అని చెప్పుకుంది. వాళ్ల ఇంకో ముఖ్య పట్టణం హెంజేరు, అంటే ఇప్పుడు అమరాపురం మండలంలో ఉండే హేమావతి. ఆ రాజ్యానికి మధ్యలో ఈ గీత లేదు. గీత తర్వాత వచ్చింది. పాట మాత్రం అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. చింతామణి దగ్గర కైవార తాతయ్య కన్నడ నేలమీద తెలుగు తత్వాలు పాడింది కూడా ఇట్లాంటి చోటే.

సరే, మన పుస్తకానికి వస్తాను. అందులో మాటలున్నాయి, వరసలు లేవు. వరసలన్నీ అవ్వ గొంతులో ఉన్నాయి. అవ్వకు 84 ఏళ్లు. తాత కాలంలో భజన గుంపులో పదకొండు మంది ఉండేవాళ్లు, ఇప్పుడు నలుగురు. హార్మోనియం వాయించే చిన్నాయనకు వేళ్ల కీళ్లు పట్టేసి రెండేళ్లయింది, పెట్టె తెరవలేదు. హార్మోనియం లేకపోతే అవ్వ రెండో చరణానికి శ్రుతి దిగిపోతుంది. దిగిపోయిందని ఆమెకే తెలుస్తుంది, ఊరకుండిపోతుంది. "ఇంక చాల్లే నాయినా" అంటుంది. ఆ "చాల్లే" అన్న రోజు ఒక పాట మనకు దొరకకుండా పోయినట్టే.

ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె కూడా పెట్టి చూశాను. ఎలక్ట్రానిక్ తంబూర పుట్టింది మన బెంగళూరులోనే, 1979లో రాడెల్ వాళ్లు తీసుకొచ్చారు. మంచి వస్తువు, శ్రుతి నిలబెడుతుంది. కానీ అవ్వ చరణం మధ్యలో వరస మరిచి ఆగితే, అది తన పాటికి తాను మోగుతా ఉంటుంది. "ఇట్లా పోతుంది గదా అవ్వా" అని రెండు స్వరాలు అందించే మనిషి కావాలి. నాకు వచ్చిన వాయిద్యం గిటారు ఒక్కటే. కాలేజీ రోజుల నుంచి వాయిస్తున్నాను. అందుకే గిటారు. మనసులో వేరే ఆర్కెస్ట్రా ఏమీ లేదు.

రాసుకున్న పరీక్షలు

ఒక కాగితం మీద ఆరు రాసుకున్నాను.

ఒకటి. చాప మీద అవ్వ పక్కన కూర్చొని, కరెంటు లేకుండా వాయిస్తే ఆమెకు వినపడాలి. కానీ ఆమె గొంతును మింగకూడదు.

రెండు. శివరాత్రికీ శ్రీరామనవమికీ గుడి ముందు రాతి మంటపంలో మైకు సెట్టు పెడతారు. అక్కడ కీ... అని కూత పెట్టకూడదు.

మూడు. వైర్ల గుర్రు మోత రాకూడదు.

నాలుగు. తీగ పక్కకు లాగితే లొంగాలి. తత్వాల్లో స్వరం నిలువుగా ఉండదు, ఊగుతుంది.

ఐదు. మన ఎండకు, పొడి గాలికి పగలకూడదు.

ఆరు. 40 వేలు దాటకూడదు.

మొదటి పరీక్షలోనే రెండు రకాలు పోయాయి. నా దగ్గర ముందునుంచీ ఉన్నది పెద్ద డబ్బా ఎకూస్టిక్, డ్రెడ్‌నాట్ అంటారు. దాని కడుపు లోతు దగ్గర దగ్గర ఐదంగుళాలు. ఆ శబ్దం ఒక గది నిండడానికి చేసింది. ఎంత మెల్లగా మీటినా అవ్వ గొంతు దాని కింద పడిపోతుంది. ఆమె మొదటి రోజే చెప్పేసింది. "నీ తప్పెట రవ్వంత ఆపు నాయినా, నా పాట నాకే ఇనపడల్యా."

తర్వాత ఆఫీసు స్నేహితుడి దగ్గర ఘన కట్టె గిటారు, అంటే సాలిడ్ బాడీ, అడిగి తెచ్చుకున్నాను. ప్లగ్ పెట్టకుండా వాయిస్తే దోమ పాడినట్టుంది, అవ్వకు అసలు అందలేదు. చిన్న ఆంప్లిఫయర్ పెట్టి, సౌండు బాగా తగ్గించి వాయించాను. శబ్దం సరిగ్గా ఉంది. అయినా అవ్వ పాడలేదు. నా చేతుల్ని చూసింది, గోడ పక్కనున్న డబ్బాను చూసింది, మళ్లీ నా చేతుల్ని చూసింది. "పాట నీ చేతిలోంచి రావల్ల గదా? ఆ డబ్బాలోంచి వస్తాందేమి? నేను యా తట్టు జూసి పాడల్ల?" అనింది.

నేను నవ్వలేదు. నా కాగితంలో లేని ఏడో పరీక్ష అది. అరవై ఏళ్లు ఆమె పాడింది మనుషుల మధ్య కూర్చొని. హార్మోనియం మోత చిన్నాయన ఒళ్లోంచి వచ్చేది, తాళాల మోత తాళాలు పట్టినవాడి చేతిలోంచి వచ్చేది. మోత ఎక్కడినుంచి వస్తే అటు తిరిగి పాడటం ఆమెకు అలవాటు. మనిషి ఒకచోట, శబ్దం ఒకచోట ఉంటే ఆమెకు పట్టు దొరకదు.

అంటే నాకు కావలసింది ఏమిటి? ఒళ్లోంచే శబ్దం రావాలి, కానీ తక్కువగా రావాలి. మంటపానికి పోయినప్పుడు వైరు పెడితే పెద్దగా రావాలి, కానీ కూత పెట్టకూడదు. ఈ రెండూ కలిసి ఉండేది సగం డొల్ల గిటారులోనే.

సగం డొల్ల అంటే ఏమిటి

పూర్తి డొల్ల గిటారు వీణ కుండ లాంటిది. తీగ కదిలితే పైపలక కదులుతుంది, లోపల గాలి కదులుతుంది, మనకు వినపడుతుంది. దానికే పికప్ పెట్టి స్పీకరుకు కలిపితే చిక్కు మొదలు. స్పీకరు నుంచి వచ్చిన శబ్దం మళ్లీ ఆ పైపలకను కదుపుతుంది, పలక తీగను కదుపుతుంది, పికప్ దాన్ని మళ్లీ స్పీకరుకు పంపుతుంది. ఇట్లా తిరిగి తిరిగి పెరిగి ఊళ అవుతుంది. మైకును స్పీకరు ముందుకు తీసుకుపోతే అరుస్తుందే, అదే కథ. ఘన కట్టెలో ఆ పలక కదలదు కాబట్టి ఊళ తక్కువ. కానీ ప్లగ్ లేకపోతే శబ్దమూ లేదు.

1940 ప్రాంతంలో లెస్ పాల్ అనే గిటారు వాద్యకారుడు న్యూయార్క్‌లో ఎపిఫోన్ ఫ్యాక్టరీలో కూర్చొని, నాలుగంగుళాల చదరం దూలం ముక్కకు తీగలు కట్టి ఒక గిటారు చేశాడు. దానికి 'లాగ్' అని పేరు, అంటే దుంగ. వినడానికి బాగానే ఉంది కానీ జనం దుంగను చూసి ఒప్పుకోలేదట. అప్పుడు ఒక మామూలు గిటారు కడుపును నిలువుగా కోసి, ఆ దుంగకు రెండు పక్కలా రెక్కల్లాగా తగిలించాడు. అప్పుడు అందరూ మెచ్చుకున్నారని ఆయనే చెప్పుకునేవాడు. ఇది చదివినప్పుడు నాకు అవ్వే గుర్తొచ్చింది. వినేవాళ్లు చెవితో మాత్రమే వినరు.

1958లో గిబ్సన్ కంపెనీ ఈఎస్-335 అనే గిటారు తెచ్చింది. అప్పుడు కంపెనీ పెద్ద టెడ్ మెకార్టీ. ఈఎస్ అంటే ఎలక్ట్రిక్ స్పానిష్. ఒళ్లో పడుకోబెట్టి వాయించే హవాయి గిటారు కాదు, నిలబెట్టి పట్టుకునేది అని చెప్పడానికి ఆ పేరు. అందులో కడుపు మధ్యన పైనుంచి కిందికి ఒక మేపుల్ కట్టె దిమ్మె ఉంటుంది. బ్రిడ్జి, పికప్‌లు ఆ దిమ్మె మీదే కూర్చుంటాయి. రెండు పక్కలా డొల్ల, పైన ఎఫ్ అక్షరం ఆకారంలో రెండు చీలికలు. వెడల్పు 16 అంగుళాలు, అంటే పెద్దదే. మందం మాత్రం రెండంగుళాల లోపు. చాప మీద బాసిపట్టు వేసుకొని కూర్చుంటే ఒళ్లో చక్కగా నిలబడుతుంది, చెయ్యి పైకి ఎత్తుకోవాల్సిన పని లేదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా వచ్చిన సగం డొల్ల గిటార్లలో చాలా వాటికి ఇదే అచ్చు.

ఈ రకం గిటారును లోకానికి తెలియజేసినవాళ్లలో బీబీ కింగ్ ముఖ్యుడు. తన గిటార్లన్నిటికీ లూసిల్ అని ఒకటే పేరు పెట్టుకున్నాడు. 1949 చలికాలంలో ట్విస్ట్ అనే ఊళ్లో ఆయన వాయిస్తుంటే ఇద్దరు మగవాళ్లు కొట్లాడుకొని, చలికి వెలిగించిన కిరసనాయిలు పీపాను తన్నేశారు. హాలు అంటుకుంది. అందరూ బయటపడ్డాక ఆయన గిటారు కోసం మళ్లీ లోపలికి పరుగెత్తాడు. కొట్లాట లూసిల్ అనే ఆడమనిషి గురించి అని తర్వాత తెలిసింది. ఇంకోసారి ఇట్లాంటి పని చెయ్యకూడదని తనకు తానే గుర్తు చేసుకోవడానికి ఆ పేరు పెట్టుకున్నానని చెప్పేవాడు. ఆయన ఊళ ఆపడానికి ఎఫ్ చీలికల్లో గుడ్డలు కుక్కేవాడు. 1980లో గిబ్సన్ ఆయన పేరుతో చేసిన మోడల్‌కు ఆ చీలికలే లేకుండా చేసింది.

చీలికల్లో గుడ్డ కుక్కడం నాకూ పనికొచ్చింది. ఆ సంగతి కిందికి వస్తుంది.

తెలుగువాళ్లలో ముందే ఈ ప్రశ్న వచ్చింది

"ఎలక్ట్రిక్ అంటే మన సంగీతం కాదు గదా" అని ఒకరిద్దరు పెద్దవాళ్లు అన్నారు. వాళ్లకు మాండలిన్ శ్రీనివాస్ గురించి చెప్పాను. పాలకొల్లు పిల్లవాడు, 1969లో పుట్టాడు. వాళ్ల నాయన క్లారినెట్ విద్వాంసుడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు పాడి వినిపిస్తే, ఈయన దాన్ని మాండలిన్ మీద వాయించేవాడు. అంటే గొంతు వెనక తీగ నడిచింది. మామూలు మాండలిన్‌లో తీగలు జతలు జతలుగా ఉంటాయి, మీటిన శబ్దం టక్కున ఆరిపోతుంది. దానిమీద గమకం నిలవదు. అందుకని ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకొని, జతలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ. తర్వాత మద్రాసు సభలన్నీ ఆయన్ను పిలిచాయి, 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో 45 ఏళ్లకే పోయాడు. ఆయన ఎలక్ట్రిక్ పట్టుకున్నది గమకం కోసం. ఇది విన్నాక పెద్దవాళ్లు ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

నాకు ఆయన పాండిత్యంలో ఇసుక రేణువంత కూడా లేదు. కానీ గొంతు ఏమి అడుగుతుందో చూసి వాయిద్యాన్ని దానికి సరిచెయ్యాలి అన్న లెక్క మాత్రం ఆయన దగ్గర తీసుకున్నదే.

అంగట్లో చూసినవి

బెంగళూరులో నాలుగు శనివారాలు తిరిగాను. అసలైన గిబ్సన్ 335 లక్షల్లో మాట, అది పరీక్షకే రాలేదు. నా లెక్కకు దగ్గరగా వచ్చినవి నాలుగు. ఐబనెజ్ ఆర్ట్‌కోర్ వరుసలో ఏఎస్73, ఎపిఫోన్ వాళ్ల డాట్, గ్రెచ్ స్ట్రీమ్‌లైనర్‌లో మధ్య దిమ్మె ఉన్న రకం, ఎపిఫోన్ కాసినో.

కాసినో బీటిల్స్ వాయించిన రకం, చూడ్డానికి 335కు చెల్లెలు లాగా ఉంటుంది. కానీ లోపల దిమ్మె లేదు, పూర్తి డొల్ల. ప్లగ్ లేకుండా నాలుగింటిలో అన్నిటికంటే బాగా పలికింది అదే. ఇంట్లో అవ్వ పక్కన మాత్రమే వాయించేటట్టయితే దాన్నే తీసుకునేవాణ్ణి. ఆంప్లిఫయర్ కొంచెం పెంచి దాని ముందు నిలబడితే ఊళ వచ్చేసింది. అంగట్లోనే ఇట్లా ఉంటే, నాలుగు పక్కలా రాయి ఉన్న మంటపంలో ఏమవుతుందో చెప్పనక్కరలేదు. పైగా దాని పికప్‌లు పీ-90లు, అంటే ఒంటి చుట్టవి. కరెంటు వైర్లలో సెకనుకు 50 సార్లు ఊగే గుర్రును అవి తీగ శబ్దంతోపాటు పట్టుకుంటాయి. మంటపంలో వైర్లు ఏ ఇంటినుంచి ఎట్లా లాగుతారో మీకు తెలుసు. ఎర్తింగ్ సంగతి దేవుడికే తెలియాలి.

మిగతా మూడింటిలోనూ హంబకర్లు ఉన్నాయి. గిబ్సన్‌లో సేత్ లవర్ అనే ఇంజనీరు 1955లో పేటెంటుకు పెట్టిన తయారీ అది. రెండు చుట్టలు పక్కపక్కన, ఒకదానికి ఒకటి ఎదురుగా. బయటినుంచి వచ్చే గుర్రు రెండింటిలో ఎదురెదురుగా పడి కొట్టుకుపోతుంది, తీగ శబ్దం మాత్రం రెండింటిలో కలిసి వస్తుంది. మూడో పరీక్ష అట్లా దాటింది.

నాలుగో పరీక్షకు తీగ పొడవు చూడాలి. గిబ్సన్, ఎపిఫోన్ల స్కేలు 24.75 అంగుళాలు, ఐబనెజ్ దాదాపు అంతే. ఫెండర్ రకాలది 25.5. ముప్పావు అంగుళం తేడా అంటే చిన్నదే గదా అనిపిస్తుంది. కానీ అదే తీగ అదే శ్రుతికి పొట్టి స్కేలులో తక్కువ బిగువుతో నిలబడుతుంది, పక్కకు లాగితే సులభంగా లొంగుతుంది. 10 నంబరు తీగల సెట్ వేస్తే నా వేళ్లకు ఊగు బాగా వస్తుంది.

ఐదోది ఎండ. మన సీమ సంగతి చెప్పేదేముంది, వాన తక్కువ, గాలి పొడి. మంచి ఎకూస్టిక్ గిటార్లకు పైపలక ఒకే చెక్క, మన చైత్రం ఎండకు అది పగుళ్లిస్తుందని భయం. సగం డొల్ల గిటార్లకు ఎక్కువగా పలుచని పొరలు అతికించిన పలక వాడతారు. దాన్ని కొందరు తక్కువగా చూస్తారు కానీ, నిడుగల్లు ఇంటి అటక కింద ఉండే వస్తువుకు అదే మేలు.

చివరికి నేను తీసుకున్నది ఎపిఫోన్ డాట్. ఈ మోడల్ 1997 నుంచి 2020 దాకా వచ్చింది, తర్వాత దాని చోటులో ఎపిఫోన్ ఈఎస్-335 పేరుతోనే ఇస్తున్నారు. నాది సెకండ్ హ్యాండ్, బెంగళూరులో ఒక కాలేజీ లెక్చరరు దగ్గర, 31 వేలు. నాయన ఊరుకోలేదు. "పన్నెండు మూటల శెనక్కాయలు" అని లెక్క కట్టి చెప్పాడు. నేను ఎదురు చెప్పలేదు, ఎందుకంటే ఆ లెక్క నిజమే.

రంగు ఎరుపు. అవ్వ చేత్తో తడిమి "కుంకుమ రంగే" అనింది. మెట్ల పలక రోజ్‌వుడ్. రోజ్‌వుడ్ అంటే ఏదో విదేశీ కట్టె అనుకుంటారు. గిటార్లకు ఎక్కువగా వాడే జాతి మన పడమటి కనుమలదే, కన్నడంలో బీటె అంటామే, అదే. 2017 జనవరి నుంచి రోజ్‌వుడ్ జాతులన్నిటికీ దేశాలు దాటించాలంటే కాగితాలు కావాల్సి వచ్చింది. తయారైన వాయిద్యాలకు 2019 చివర్లో మినహాయింపు దొరికింది. ఆ మధ్య కాలంలో చాలా కంపెనీలు వేరే కట్టెలకు మారాయి. నాది అంతకు ముందుది.

సెకండ్ హ్యాండ్ చూసే పిల్లలకు

ఈ భాగం మన ఇంటి పిల్లలకు. సెమీ హాలో పాతది చూస్తే ఇవి చూడండి.

కాడను తల వైపు నుంచి ఒంటి కన్నుతో చూడండి, వంకర ఉంటే తెలుస్తుంది. ఒక తీగను మొదటి మెట్టు దగ్గర, కాడ కడుపును కలిసే మెట్టు దగ్గర రెండు చేతులతో నొక్కండి. మధ్యలో కాగితం దూరేటంత సందు ఉంటే చాలు. ప్రతి తీగనూ ప్రతి మెట్టు మీదా మీటండి, చిటపట వస్తే గుర్తు పెట్టుకోండి. పన్నెండో మెట్టు స్వరం ఖాళీ తీగకు సరిగ్గా పై షడ్జం కావాలి. తల వెనక్కి వంగే చోట సన్నని చీలిక ఉందేమో టార్చి వేసి చూడండి, ఈ రకాలకు విరిగితే అక్కడే విరుగుతుంది. ఎఫ్ చీలికలోంచి లోపలికి కూడా టార్చి వేయండి, మధ్య దిమ్మె ఉందో లేదో అక్కడే కనిపిస్తుంది. బొమ్మ చూసి మోసపోకండి, డొల్లా సగం డొల్లా బయటికి ఒకేలాగా ఉంటాయి.

వైరు పెట్టే జాక్, సౌండు తిప్పే నాబులు బాగా తిప్పి చూడండి. ఘన కట్టె గిటారుకు వెనక మూత ఉంటుంది, విప్పితే పని అయిపోతుంది. చాలా సెమీ హాలోలకు ఆ మూత లేదు. లోపలి సామాను అంతా ఎఫ్ చీలికలోంచి బయటికి లాగి, మళ్లీ అందులోంచే లోపలికి పంపాలి. తీసేముందు ఒక్కోదానికి ఒక్కో దారం కట్టుకోకపోతే మళ్లీ రంధ్రంలోకి తేవడం గంటల పని. రిపేరుకు ఎక్కువ అడుగుతారు కాబట్టి బేరం అప్పుడే ఆడుకోండి.

ఇప్పుడు ఎట్లా నడుస్తోంది

చిన్నాయన హార్మోనియం పెట్టె ఒక్కసారి తెరిపించి, అవ్వ షడ్జం ఎక్కడుందో పట్టుకున్నాం. మూడో తెల్ల మెట్టు. చిన్నప్పుడు ఐదో దాని దగ్గర పాడేదంట, వయసుతో దిగింది. మూడో తెల్ల మెట్టు అంటే ఇంగ్లీషు లెక్కలో ఈ. గిటారులో కింది తీగ, పై తీగ రెండూ ఖాళీగా మీటితే ఈ. రెండో తీగ బీ, అంటే ఆమెకు పంచమం. షడ్జమం, పంచమం, పై షడ్జమం, మూడూ వేలు పెట్టకుండానే దొరికాయి. ఏ తీగా మార్చి కట్టాల్సిన పని రాలేదు.

శని, ఆదివారాల్లో పొద్దున పదింటికి కూర్చుంటాం. ప్లగ్ పెట్టను. మూడడుగుల దూరంలో ఆమెకు సరిగ్గా వినపడుతుంది, వంటింట్లో ఉన్న అమ్మకు అవ్వ పాట మాత్రమే వినపడుతుంది. ఫోను ఆమెకు దగ్గరగా పెట్టి రికార్డు చేస్తే గొంతు ముందు, గిటారు వెనక వస్తుంది. ఆమె ఇప్పుడు డబ్బా వైపు చూడదు, నా చేతి వైపు చూసి పాడుతుంది. ఆగినప్పుడు నేను రెండు స్వరాలు మీటితే, "ఆ... అదే" అని అందుకుంటుంది. ఒక్కోసారి "అది కాదు, నీ తాత ఇట్లా లాగేవాడు" అని దిద్దుతుంది. ఆ దిద్దినవే నాకు ఎక్కువ విలువ. పుస్తకంలో ఎక్కడా లేని సంగతులు అవి.

శ్రీరామనవమికి మంటపంలో మొదటిసారి వైరు పెట్టాను. స్తంభానికి కట్టిన హారన్ స్పీకర్లు రెండు. సౌండు సగానికి పెంచిన దాకా ఏమీ లేదు. ఇంకా పెంచమని గుంపులోవాళ్లు అన్నప్పుడు సన్నగా ఊళ మొదలైంది. బీబీ కింగ్ వైద్యమే చేశాను. అవ్వ పాత నూలు చీర ముక్కలు రెండు మడిచి ఎఫ్ చీలికల్లో పెట్టాను, ఊళ ఆగింది. ఇంటికొచ్చాక తీసేశాను, ఎందుకంటే గుడ్డ ఉంటే ప్లగ్ లేని శబ్దం తగ్గుతుంది. ఇప్పుడు ఆ ముక్కలు గిటారు సంచిలోనే ఉంటాయి.

34 పాటల్లో 21 రికార్డు అయ్యాయి. మిగిలిన పదమూడులో ఎనిమిది అవ్వకు వచ్చు, గొంతు బాగున్న రోజు చూసి పాడిస్తాను. ఐదింటికి ఆమెకు పల్లవి మాత్రమే గుర్తుంది. ఆ ఐదూ తాత రొద్దం వైపు భజనల్లో నేర్చుకున్నవని అంటుంది. హిరియూరులో, హోసూరులో ఉన్న మన అత్తలు చిన్నప్పుడు తాత పక్కన కూర్చొని పాడినవాళ్లు, వాళ్లకు చరణాలు గుర్తుండొచ్చు. ఆ ఐదు పాటల పల్లవులు అవ్వ గొంతుతోనే మన కుటుంబం గుంపులో పెడుతున్నాను. వాళ్ల పిల్లలు ఎవరైనా ఒకసారి పక్కన కూర్చొని ఫోనులో వినిపించి, గుర్తొచ్చినంత పాడించి పంపండి. సగం చరణమైనా సరే. శ్రుతి కలవకపోయినా ఏమీ కాదు, ఇక్కడ నేను కలుపుకుంటాను.

దసరా సెలవుల్లో ఊరికి వచ్చే పిల్లలు గిటారు పట్టుకొని చూడొచ్చు. చేతులు కడుక్కొని రండి, అవ్వ పాడేటప్పుడు మాత్రం ప్లగ్ అడగొద్దు.